దేవుణ్ణి నమ్మని పాఠకులకు సైన్స్ ఫిక్షన్ నవలలు

ప్రశ్న: నేను నిజామాబాద్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆచారాలు నిష్ఠగా పాటించే ఇంట్లో పెరిగాను. ముప్పై దాటాక దైవం మీద నమ్మకం పోయింది. సైన్స్ ఫిక్షన్ అంటే ఇష్టం, ఇంగ్లీషులో చదవగలను. అయితే చాలా నవలలు శాస్త్రంతో మొదలై, చివరికొచ్చేసరికి విధి, ఆత్మ, అవతారపురుషుడు అంటూ దారి మళ్లుతున్నాయి. మిత్రుడొకరు ఎంతో మెచ్చుకుని ఇచ్చిన 'డ్యూన్'ను అందుకే సగంలో వదిలేశాను. నాలాంటివాళ్లకు నచ్చే నవలలు సూచించగలరా? నా భార్య భక్తురాలు. భక్తులను వెక్కిరించే పుస్తకాలు ఇంట్లోకి తేవడం నాకు ఇష్టం లేదు. ఈమధ్యే ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయి చదవగలిగినవి ఒకటి రెండు ఉంటే అవి కూడా చెప్పండి.

సమాధానం: మీరు రెండు కోరికలు కోరారు. శాస్త్రంతో మొదలైన కథ చివరిదాకా ఆ నియమానికి కట్టుబడి ఉండాలన్నది ఒకటి, నమ్మేవాళ్లను కించపరచకూడదన్నది రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. నేను ఇష్టపడే నవలల్లో ఇవి సాధారణంగా కలిసే కనిపిస్తాయి. దేవుణ్ణి తిట్టడం కోసమే రాసిన నవల నాస్తికుడికి కూడా త్వరలోనే విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే తాను ముందే ఒప్పుకున్న మాటను మూడు వందల పేజీల పాటు మళ్లీ వినడం తప్ప అందులో అతనికి దొరికేదేమీ ఉండదు. మీకు కావలసింది, జవాబు వెతికే బాధ్యత పూర్తిగా పాత్రల మీదే ఉండే నవల అని నేను అర్థం చేసుకున్నాను. ఆపదలో పైనుంచి చెయ్యి అందించేవారు అందులో ఉండరు, విశ్వం మనిషి కోసమే ఏర్పాటైందన్న హామీ ఉండదు, తప్పు జరిగితే దిద్దుకోవలసినది తప్పు చేసినవాళ్లే. ఈ కొలతతోనే ఎంపిక చేశాను. మీ ఫిర్యాదు ముగింపుల మీద కాబట్టి కొన్నింటి ముగింపులు ముందుగా చెప్పక తప్పడం లేదు.

'డ్యూన్' విషయంలో మీ చిరాకు సగం న్యాయమే. 1965లో వచ్చిన ఆ నవలలో ఫ్రాంక్ హెర్బర్ట్ అవతారపురుషుణ్ణి పూజించడం లేదు. ఎడారి ప్రజలు ఎదురుచూస్తున్న రక్షకుడి కథను బెనీ జెసరిట్ అనే స్త్రీల సంఘం పూర్వమే తన అవసరాల కోసం అక్కడ నాటిపెట్టింది. కథానాయకుడు పాల్ ఆ సంగతి తెలిసే దాన్ని వాడుకుంటాడు, తన పేరు మీద జరగబోయే మారణకాండను చూసి భయపడతాడు కూడా. 1969లో వచ్చిన రెండో భాగం 'డ్యూన్ మెసయ్య'లో ఆ భయం నిజమవుతుంది. కాబట్టి మతం రాజకీయ సాధనంగా ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి అది మంచి పుస్తకమే. కాని పాల్‌కు భవిష్యత్తు నిజంగానే కనిపిస్తుంది, జోస్యం నిజంగానే ఫలిస్తుంది. రక్షకుణ్ణి నమ్మవద్దని హెచ్చరిస్తూనే రక్షకుడికి కావలసిన శక్తులన్నీ అతనికి కట్టబెట్టిన నవల అది. మీరు దాన్ని వదిలేసినందుకు నొచ్చుకోవలసిన పని లేదు.

మొదట చదవవలసినది ఆర్థర్ సి. క్లార్క్ 1973లో రాసిన 'రాందెవూ విత్ రామా'. పేరు చూసి పురాణ కథ అనుకోకండి. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయి ఖగోళశాస్త్రజ్ఞులు హిందూ దేవతల పేర్లు పెట్టడం మొదలుపెట్టిన కాలంలో కనిపించిన వస్తువు కాబట్టి దానికి ఆ పేరు వచ్చిందని క్లార్క్ చెబుతాడు. సుమారు యాభై కిలోమీటర్ల పొడవు, ఇరవై కిలోమీటర్ల వ్యాసం ఉన్న ఒక స్తూపాకారపు నౌక సౌరకుటుంబంలోకి వస్తుంది. దాన్ని అందుకోగలిగిన దూరంలో ఒకే ఒక్క మానవ నౌక ఉంది. ఆ సిబ్బంది లోపలికి వెళ్లి, అది తిరగడం వల్ల పుట్టే గురుత్వాన్ని, లోపలి గోడను వలయంగా చుట్టిన సముద్రాన్ని, సూర్యుడి వేడికి మేలుకుంటున్న వాతావరణాన్ని కొలుస్తూ, ఊహిస్తూ, ఊహను సరిచూసుకుంటూ ముందుకు సాగడమే కథంతా. మీరు తరగతిలో చెప్పే అభికేంద్ర బలం ఇక్కడ నేలగా, మెట్లుగా, సుడిగాలిగా కనిపిస్తుంది. చివరికి ఆ నౌక సూర్యుడి దగ్గర తనకు కావలసిన శక్తి నింపుకుని, మనుషులున్నారన్న ఎరుకైనా చూపకుండా తన దారిన వెళ్లిపోతుంది. మనిషి దాని ప్రయాణానికి కారణం కాదు, గమ్యం కాదు, అడ్డంకి కూడా కాదు. ఈ ముగింపు కొందరికి నిరాశ కలిగిస్తుంది. నాకు మాత్రం నమ్మకం లేని మనిషి విశ్వాన్ని చూసే చూపును ఇంత నిబ్బరంగా చెప్పిన ముగింపు మరొకటి తోచదు.

మీ రెండో కోరిక కూడా ఇదే నవలలో తీరుతుంది. సిబ్బందిలో బోరిస్ రోడ్రిగో అనే అధికారి, క్రీస్తు అంతరిక్షం నుంచి వచ్చినవాడని నమ్మే ఒక మతశాఖకు చెందినవాడు. ఆ నమ్మకాన్ని తోటివారు పంచుకోరు, కాని అతని నిజాయితీ మీద ఎవరికీ సందేహం లేదు. భయపడిన ఒక గ్రహ ప్రభుత్వం రామా మీదికి బాంబు పంపినప్పుడు దాన్ని పనిచేయకుండా చేయడానికి ముందుకు వచ్చేది అతనే. మతం పొరపాటు కావచ్చునని తలిచే రచయిత, మతం ఉన్న మనిషికి కథలో అత్యంత గౌరవప్రదమైన పని ఇచ్చాడు.

ఒక హెచ్చరిక: దీని తరవాయిగా జెంట్రీ లీతో కలిసి వచ్చిన మూడు నవలలు చదవకండి. వాటిలో చివరిదైన 'రామా రివీల్డ్' సృష్టికర్త సంకల్పం దాకా వెళుతుంది. మీరు దేనినుంచి తప్పించుకోవాలనుకుంటున్నారో అక్కడికే తిరిగి చేరతారు. క్లార్క్ 1953 నాటి 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' గురించి కూడా ఇదే చెప్పాలి. గ్రహాంతరవాసులు గతాన్ని కళ్లకు చూపే పరికరం ఇవ్వడంతో మతాలు దాదాపు అంతరించిపోతాయని మొదటి సగంలో రాసినవాడు, చివరికి మానవజాతి పిల్లలందరినీ ఒక విశ్వచైతన్యంలో కలిపేశాడు. ఇందులోని అభిప్రాయాలు రచయితవి కావు అని ఆ పుస్తకం మొదట్లో క్లార్కే ఒక మాట వేసుకున్నాడు. గొప్ప నవలే, కాని మీరు అడిగిన రకం కాదు.

దానికి బదులు ఆయన 1979లో రాసిన 'ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్' తీసుకోండి. క్లార్క్ 1956 నుంచి శ్రీలంకలోనే ఉన్నాడు. 2008లో అక్కడే మరణించాడు. తన అంత్యక్రియల్లో ఏ మతానికి సంబంధించిన తంతూ ఉండకూడదని రాతపూర్వకంగా కోరాడు, అలాగే జరిగింది. ఈ నవలలో, శ్రీలంకలోని శ్రీపాద పర్వతాన్ని, సిగిరియ శిలాదుర్గాన్ని తలపించే ఊహాస్థలంలో, భూమినుంచి అంతరిక్షంలోకి ఎత్తే తీగదారి నిర్మించాలని ఒక ఇంజనీరు పట్టుబడతాడు. దానికి తగిన ఒకే ఒక్క శిఖరం మీద తరతరాలుగా బౌద్ధ భిక్షువులున్నారు. ఇంజనీరు గెలవాలని పాఠకుడు కోరుకుంటాడు, భిక్షువులను ఎవరూ చులకన చేయకూడదని కూడా కోరుకుంటాడు. ఆ రెండు కోరికలనూ క్లార్క్ నెరవేర్చాడు. మధ్యలో స్టార్‌గ్లైడర్ అనే పరగ్రహ యంత్రం మధ్యయుగపు క్రైస్తవ తాత్వికుడు థామస్ అక్వినాస్ వేదాంతాన్ని తర్కంతో విప్పి చూపే ఘట్టం ఉంటుంది. మీ భార్యగారికి కూడా ఇవ్వగలిగిన నవల ఇదే అని నా అభిప్రాయం.

కార్ల్ సాగన్ 1985లో రాసిన 'కాంటాక్ట్' గురించి మీరు ఇదివరకే విని ఉంటారు, సినిమా కూడా చూసి ఉంటారు. సినిమాలో లేనిది నవలలో చాలా ఉంది. రేడియో ఖగోళశాస్త్రవేత్త ఎల్లీ ఆరోవేకూ, పామర్ జాస్ అనే మతబోధకుడికీ మధ్య జరిగే వాదాలు నవలలో తీరికగా, రెండు వైపులా బలంగా సాగుతాయి. నక్షత్రాల వైపు ప్రయాణించే ఐదుగురిలో దేవీ సుఖావతి అనే భారతీయ శాస్త్రవేత్త కూడా ఉంది. అయితే ముగింపు మిమ్మల్ని ఇబ్బంది పెట్టవచ్చు: గణితంలోని పై (π) విలువను ఎన్నో అంకెల లోతుకు లెక్కించగా అందులో ఒక వృత్తం బొమ్మ దొరుకుతుంది, అంటే విశ్వాన్ని ఎవరో ఉద్దేశపూర్వకంగా నిర్మించారన్న సూచన. దీన్ని ద్రోహంగా భావించిన నాస్తిక పాఠకులున్నారు. నేను అలా అనుకోను. సృష్టికర్త ఉన్నాడంటే ఎలాంటి సాక్ష్యం చూపితే ఒప్పుకుంటావు అని సాగన్ మనల్ని అడుగుతున్నాడు. ఎవరైనా, ఎక్కడైనా, ఏ మతంవారైనా, మతం లేనివారైనా మళ్లీ లెక్కించి సరిచూసుకోగలిగిన సాక్ష్యం కావాలన్నదే ఆయన జవాబు. అలాంటిది నవలలో కల్పించవలసి వచ్చిందంటే, బయట దొరకలేదనే కదా.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా సిఫార్సు చేసే రచయిత ఇయన్ ఎం. బ్యాంక్స్. 2013లో మరణించిన ఈ స్కాట్లాండ్ రచయిత తన నాస్తికత్వాన్ని ఎన్నడూ దాచుకోలేదు. ఆయన 'కల్చర్' నవలల వరుస 1987లో మొదలైంది. కల్చర్ అనే ఆ నాగరికతలో డబ్బు లేదు, పాలకుడు లేడు, పేదరికం లేదు, దేవుడూ లేడు. మనుషులకంటే ఎన్నో రెట్లు తెలివైన యంత్రాలు మనుషులతో స్నేహంగా కలిసి బతుకుతుంటాయి. మరణానంతర శిక్ష, బహుమానం అనే ఊతలు లేకుండా మంచిగా బతకడానికి మనుషులకు కారణాలు దొరుకుతాయా అన్న ప్రశ్న ఈ వరుసంతటా నడుస్తుంది. ఏ నవలకు ఆ నవల విడిగా చదువుకోవచ్చు కాబట్టి, మొదటిదానికి బదులు 1988 నాటి 'ది ప్లేయర్ ఆఫ్ గేమ్స్'తో మొదలుపెట్టండి. ఒక ఆటలో గెలిచినవాడే చక్రవర్తి అయ్యే క్రూర సామ్రాజ్యానికి కల్చర్ నుంచి ఒక ఆటగాడు వెళ్లే కథ అది.

ఆ తర్వాత, కొంత గుండె దిటవు చేసుకుని, 2010లో వచ్చిన 'సర్ఫేస్ డీటెయిల్' చదవండి. మనసును పూర్తిగా కంప్యూటర్‌లోకి ఎక్కించగలిగిన కాలంలో, కొన్ని జాతులు తమ పురాణాల్లో చెప్పిన నరకాలను కంప్యూటర్లలో నిజంగానే కట్టుకుంటాయి. చచ్చినవాళ్లను వాటిలోకి పంపి హింసిస్తుంటాయి. నరకాలు ఉండాలనేవారికీ కూడదనేవారికీ మధ్య యుద్ధం జరుగుతుంటుంది. ఏనుగు తొండంలాంటి రెండు తొండాలున్న ఒక జాతికి చెందిన ప్రిన్, చే అనే జంట నరకం నిజమని లోకానికి సాక్ష్యం చెప్పడానికి తెలిసే అందులోకి దిగుతారు. ఒకరు బయటపడతారు, ఒకరు లోపలే ఉండిపోతారు. బయటికొచ్చినవాడు సభలో సాక్ష్యం చెప్పబోతే, నరకభయం లేకపోతే జనం అదుపులో ఉండరు కాబట్టి మౌనంగా ఉండమని పెద్దమనిషి ఒకడు ఎంతో సౌమ్యంగా నచ్చజెబుతాడు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పదిరోజులూ గరుడపురాణం విని, కుంభీపాకం, రౌరవం అన్న పేర్లు చిన్నప్పుడే చెవిన పడ్డవారికి ఈ నవల ఇంగ్లండు పాఠకుడికంటే దగ్గరగా తగులుతుందని నా నమ్మకం. శిక్ష ఊహగా ఉన్నంతకాలం నీతికథగా వినిపించినదే, నిజంగా కట్టిచూపితే ఎంతటి అఘాయిత్యమో బ్యాంక్స్ మరిచిపోలేని విధంగా చూపించాడు. హింస వర్ణన తీవ్రంగా ఉంటుంది కాబట్టి ఇది మీకే గాని మీ అమ్మాయికి ఇప్పుడే కాదు.

మతం ఎలా పుడుతుందన్న ప్రశ్న మీకు ఆసక్తికరమైతే ఏడ్రియన్ చైకోవ్‌స్కీ 2015లో రాసిన 'చిల్డ్రన్ ఆఫ్ టైమ్' ఉంది. మనిషి తయారుచేసిన ఒక వైరస్ వల్ల ఒక గ్రహం మీద సాలీళ్లు తరతరానికీ తెలివి పెంచుకుంటూ నాగరికత నిర్మించుకుంటాయి. వాటి ఆకాశంలో తిరిగే ఒక ఉపగ్రహం గణిత సమస్యలను ప్రసారం చేస్తుంటుంది. సాలీళ్లు దాన్ని దైవసందేశంగా స్వీకరిస్తాయి, ఆలయం కడతాయి, పూజారులు పుడతారు, సందేహించినవాళ్లను శిక్షిస్తాయి. ఆ ఉపగ్రహంలో ఉన్నది తన గొప్పతనం మీద అతినమ్మకం ఉన్న ఒక శాస్త్రవేత్త అని పాఠకుడికి తెలుసు, సాలీళ్లకు తెలియదు. అయినా వాటి భక్తిని చూసి మనకు చులకన కలగదు. ఆ భక్తే వాటికి గణితం నేర్పింది, ఆ భక్తే వాటి చేత దారుణాలు చేయించింది. రెండూ నిజమేనని ఒప్పుకునే ఓపిక ఈ నవలకు ఉంది. సాలీడంటే ఒళ్లు జలదరించేవారు సైతం చివరికి వాటి పక్షాన నిలబడతారు.

స్టానిస్లావ్ లెమ్ 1961లో పోలిష్ భాషలో రాసిన 'సొలారిస్' మరో రకం. అది ధైర్యం చెప్పదు. ఒక గ్రహాన్ని కప్పిన సముద్రం ఆలోచిస్తోందని మనిషికి తెలుసు, ఏమి ఆలోచిస్తోందో తరతరాల పరిశోధన తర్వాత కూడా తెలియదు. పరిశోధకుల మనసుల్లోని అపరాధభావం మనుషుల రూపంలో వచ్చి వాళ్ల గదుల్లో కూర్చుంటుంది. శాస్త్రానికి అందనిదల్లా దైవమే అనే తొందరపాటుకు లెమ్ పోడు, శాస్త్రం అన్నింటినీ ఛేదిస్తుందన్న ధీమాకూ పోడు. దొరికితే బిల్ జాన్‌స్టన్ అనువాదం చదవండి. చాలాకాలం చెలామణిలో ఉన్న పాత ఇంగ్లీషు పుస్తకం ఫ్రెంచి నుంచి చేసిన అనువాదానికి అనువాదం. జాన్‌స్టన్‌ది నేరుగా పోలిష్ నుంచి చేసినది.

మీ ఉత్తరంలో అడగనిది ఒకటి ఉంది, అయినా నిష్ఠగల ఇంట్లో పెరిగానన్నారు కాబట్టి చెబుతున్నాను. నమ్మకం పోయినవారికి పండుగలు, పాటలు, పదిమంది కూడిన సందడి కూడా కొంత దూరమవుతాయి. ఆ లోటు తెలిసిన రచయిత్రి ఆక్టేవియా బట్లర్. 1993లో వచ్చిన 'పారబుల్ ఆఫ్ ది సోవర్' నాయిక లారెన్ ఒక బాప్టిస్టు క్రైస్తవ బోధకుడి కూతురు. తండ్రి దేవుడు తన దేవుడు కాదని పదిహేనేళ్లకే గ్రహించి, లోకంలో మార్పు ఒక్కటే శాశ్వతం కాబట్టి దాన్నే దేవుడనాలని, ఆ దేవుణ్ణి ప్రార్థించడం దండగ, దాన్ని మన చేతులతో మలచుకోవాలని తానే ఒక ధర్మం రాసుకుంటుంది. ఆమె కట్టేది మతమా, పరస్పర సహాయ సంఘమా అన్నది నవల తేల్చదు. 2024లో మొదలయ్యే ఆ కథలో ఎండిన కాలిఫోర్నియా, గోడల వెనక బతికే కుటుంబాలు, రోడ్డు మీద నడిచే నిర్వాసితులు కనిపిస్తారు. చదవడం తేలిక కాదు.

మన పక్షాన్ని మనమే పరీక్షించుకోవాలనిపించిన రోజున ఉర్సులా లె గ్విన్ రాసిన 'ది టెల్లింగ్' తెరవండి. 2000లో వచ్చిన ఈ చిన్న నవలలో సట్టీ అనే భారతీయ మూలాలున్న యువతి భూమి మీద మతరాజ్యపు హింసను అనుభవించి, మరో గ్రహానికి పరిశీలకురాలిగా వెళుతుంది. అక్కడ ప్రభుత్వం ప్రగతి, హేతువు అనే పేర్లతో పాత గ్రంథాలను తగలబెట్టి, పాత లిపిని నిషేధించి, కొండల్లో మిగిలిన సంప్రదాయాన్ని వేటాడుతోంది. మతాన్ని తీసేసినంత మాత్రాన మూర్ఖత్వం పోదని, అధికారం ఎవరి చేతిలో ఉన్నా పుస్తకాలు కాలిపోవచ్చునని చెప్పే నవల మన అలమరలో ఒకటైనా ఉండాలి. భార్య పూజగదిలో, భర్త పుస్తకాలతో ఒకే ఇంట్లో ఉన్నచోట మరీ ఉండాలి.

భారతీయ రచన ఒకటైనా కావాలంటే ఖగోళ భౌతికశాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మొదట మరాఠీలో రాసిన, ఇంగ్లీషులో 'ది రిటర్న్ ఆఫ్ వామన్'గా వచ్చిన నవల ఉంది. శాస్త్ర ప్రయోగం కోసం భూమిని లోతుగా తవ్వుతుంటే, మనకు తెలియని పూర్వ నాగరికత దాచిపెట్టిన జ్ఞానపేటిక బయటపడుతుంది. ఇలాంటి కథావస్తువు దొరికితే 'అన్నీ మన పూర్వులకు ముందే తెలుసు' అనే దారి పట్టడం ఎంత సులభమో మీకు తెలుసు. నార్లీకర్ ఆ దారి పట్టలేదు. జాతకాలు చూసి తెలివైన పిల్లలెవరో, మానసిక ఎదుగుదల లేని పిల్లలెవరో చెప్పమని 27 మంది జ్యోతిష్కులకు పరీక్ష పెట్టి, వారి జవాబులు నాణెం ఎగరేసినదానికంటే మెరుగ్గా లేవని లెక్క తేల్చిన బృందానికి ముఖ్యుడు ఆయనే. మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్ కూడా ఆ బృందంలో ఉన్నారు. నార్లీకర్ 2025 మే నెలలో పుణేలో కన్నుమూశారు.

ఇక మీ అమ్మాయికి. ఆండీ వియర్ 2021లో రాసిన 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' ముందు ఇవ్వండి, ఆమె చదివాక మీరూ చదవండి. నాయకుడు మీలాగే బడిలో సైన్సు చెప్పే మాస్టారు. ఎక్కడున్నాడో, తన పేరేమిటో గుర్తులేకుండా ఒక గదిలో మేలుకుంటాడు. టేపు, స్టాప్‌వాచ్ దొరకబుచ్చుకుని, ఒక వస్తువును కిందికి జారవిడిచి, అది పడిన కాలాన్ని బట్టి త్వరణం లెక్కకట్టి, తొమ్మిది పాయింట్ ఎనిమిది రావలసినచోట పదిహేను రావడంతో తాను భూమి మీద లేనని తెలుసుకుంటాడు. ఇంటర్ ఫిజిక్స్ చదివిన పిల్లకు ఆ పేజీ ఎంత ఆనందం ఇస్తుందో మీరే ఊహించండి. సూర్యుడి కాంతిని తినేస్తున్న సూక్ష్మజీవుల నుంచి భూమిని కాపాడే పనిలో, మనకు ఏ పోలికా లేని మరో లోకపు ఇంజనీరుతో అతనికి కుదిరే స్నేహం ఈ మధ్యకాలపు సైన్స్ ఫిక్షన్‌లో నాకు అత్యంత ఇష్టమైనది. అందులో అద్భుతం ఒక్కటీ జరగదు. జరిగేదంతా లెక్క, పొరపాటు, మళ్లీ లెక్క.

అది నచ్చితే అదే రచయిత మొదటి నవల 'ది మార్షియన్' ఇవ్వవచ్చు, భాష మాత్రం అక్కడక్కడ మొరటుగా ఉంటుంది. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కిన వ్యోమగామి, హైడ్రోజన్‌ను మండించి నీరు తయారుచేసుకోవాలి. నాసా పంపిన సామాన్లలో నిప్పంటుకునేది దాదాపు ఏదీ లేదు. సహచరుడు వదిలివెళ్లిన చిన్న చెక్క శిలువ ఒక్కటే దొరుకుతుంది. దాన్ని చీల్చి పుల్లలు చేస్తూ, దేవుడంటూ ఉంటే తన పరిస్థితి చూసి ఏమీ అనుకోడులే అని తన దినచర్యలో రాసుకుంటాడు. ఈ ఘట్టం మీ భార్యగారికి చదివి వినిపించినా ఆమె నొచ్చుకోరనే అనుకుంటున్నాను.

ఈ నవలలన్నీ ఒకేసారి కొనకండి. మీరు 'రాందెవూ విత్ రామా'తో, మీ అమ్మాయి 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'తో ఈ వేసవిలో మొదలుపెట్టండి. రామా నౌక వెళ్లిపోయిన తీరు మీకు తృప్తినిస్తే తర్వాతది బ్యాంక్స్, వెలితిగా అనిపిస్తే తర్వాతది బట్లర్.